పెద్దక్షరాల కీర్తనల గ్రంథం: అత్తమ్మకి నచ్చింది, బైండింగ్ నాకు నచ్చలేదు

అత్తమ్మ కోసం ఆన్‌లైన్‌లో తెప్పించాను. బైబిల్లోని కీర్తనలు మాత్రమే ఉన్న విడి పుస్తకం. కళ్లజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోయిన రోజు కూడా చదువుకోగలుగుతున్నారు, అంత పెద్ద అక్షరాలు. పూర్తి బైబిలు ఒళ్లో పెట్టుకుంటే మోకాళ్లు లాగేస్తున్నాయనేవారు, ఇప్పుడా బాధ లేదు.

మొత్తం 150 కీర్తనలు కాబట్టి ప్రార్థనలో రోజుకి ఐదు చొప్పున చదివితే 30 రోజుల్లో పూర్తవుతాయి. పుస్తకంలో రోజుల గుర్తులు లేవు, మనమే పెన్సిల్‌తో వేసుకోవాలి. చిక్కల్లా 119 దగ్గరే. 176 వచనాలు! పొద్దున్నే కుక్కర్ విజిళ్ల మధ్య అయ్యే పని కాదు. నయం, ఎనిమిదేసి వచనాలకి ఆలెఫ్, బేత్ అంటూ హీబ్రూ అక్షరాల పేర్లతో శీర్షికలు స్పష్టంగా వేశారు, ఆపినచోటు వెంటనే దొరుకుతుంది. మిగిలింది రాత్రి ప్రార్థనలో చదువుకుంటున్నాం. రెండే వచనాలున్న 117 మాత్రం ఎప్పుడూ మా అబ్బాయి వంతే, ఎందుకో చెప్పక్కర్లేదు.

కాగితం మరీ పల్చన, వెనక పేజీ అక్షరాలు కనిపిస్తున్నాయి. మాటిమాటికీ తెరిచే 91 దగ్గర అప్పుడే కుట్టు ఊడి వస్తోంది. గుర్తుకి రిబ్బన్ కూడా లేదు. మార్చి ఇమ్మంటే గడువు దాటిపోయిందన్నారు. నేను మూడు స్టార్లే ఇస్తాను. అత్తమ్మనడిగితే ఐదూ ఇచ్చేస్తారు.