క్లబ్ రేసులో కారుని తూయాలా, మనిషితో కలిపి తూయాలా: ఏది మేలు?

అనంతపురం నుంచి ట్రాక్ డేలకని (సొంత కార్లని రేస్ ట్రాక్ మీద తిప్పుకునే రోజులు) చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోటై ట్రాక్ దాకా పోయొచ్చే మా బ్యాచ్‌లో ఇప్పుడు ఒకటే గొడవ. మనలో మనమే ఓ చిన్న రేసు పెట్టుకుందాం అనుకున్నాం, టైర్ల దగ్గర, ఇంజిన్ దగ్గర పేచీ రాలేదు గానీ, ఏ కారూ ఇంతకంటే తక్కువ తూగకూడదు అని ఒక కనీస బరువు పెట్టాలి కదా, ఆ మాటెత్తగానే రెండు పార్టీలయ్యాయి. 58 కేజీలవాడు "కారొక్కటే తూయండి" అంటాడు, 95 కేజీలవాడు "నన్ను కూర్చోబెట్టి తూయండన్నా" అంటాడు. ఎవరి బాధ వాళ్లది.

కారొక్కటే తూస్తే పని సులువు, ముందురోజు రాత్రే ఏదో ఒక కాటా మీద ఎక్కించి రాసుకోవచ్చు. కానీ ఆ ఇద్దరి మధ్య తేడా 37 కేజీలు. 950 కేజీల కారులో అది దాదాపు 4 శాతం. బ్రేక్ నొక్కిన ప్రతిసారీ, మలుపులోంచి బయటపడి గ్యాస్ ఇచ్చిన ప్రతిసారీ ఆ 37 కేజీలూ లావుపాటివాడి మీదే. ఫార్ములా వన్‌లోనే ఈ బాధ పడలేక, 2019లో డ్రైవరూ సీటూ కలిపి కనీసం 80 కేజీలు ఉండాలి, తక్కువైతే సీటు దగ్గరే బరువు పెట్టాలి అని రూల్ తెచ్చారు. అంతకుముందు పొడుగాటి డ్రైవర్లు కడుపు మాడ్చుకుని తిరిగేవాళ్లు. జీతం తీసుకుని నడిపేవాళ్లకే అంత కష్టమైతే, ఆదివారం సరదాకి నడిపే మనం దోసె మానేయాలా?

అమెరికాలో అమెచ్యూర్ రేసులు నడిపే ఎస్‌సీసీఏ మామూలుగా డ్రైవర్‌తో కలిపే తూస్తుంది. వాళ్ల స్పెక్ మియాటా క్లాస్ చూడండి, 1990ల నాటి 1.6 లీటర్ల మజ్దా మియాటా అనే చిన్న స్పోర్ట్స్ కారు, 1999 తర్వాతి 1.8 లీటర్లది ఒకే రేసులో పరిగెడతాయి. బలమున్న దానికి కనీస బరువు ఎక్కువ, పైగా ఇంజిన్‌లోకి గాలి తక్కువ పోయేలా రిస్ట్రిక్టర్ ప్లేట్. పాత కారు తెచ్చినవాడు కూడా గెలుస్తానన్న ఆశతోనే వస్తాడు.

కలిపి తూస్తే తక్కువైన బరువుకి సీసం మోయాలి, మాకు అన్యాయం అని సన్నోళ్లు మొత్తుకుంటారు గానీ లోపలి లెక్క వేరే. అడుగు చదరం, రెండు సెంటీమీటర్ల మందం సీసం పలక 20 కేజీల పైనే తూగుతుంది. సన్నోడు దాన్ని ఎడమవైపు ఖాళీ సీటు తీసేసిన చోట ఫ్లోర్‌కి ఆనించి, కింద పెద్ద వాషర్లు వేసి బోల్టులు బిగిస్తాడు. బరువు నేలకి దగ్గరగా ఉంటుంది, పక్కలు కూడా బ్యాలెన్స్ అవుతాయి. లావుపాటివాడు తన పొట్టని విప్పి ఎడమవైపు పెట్టలేడు కదా! అంటే కలిపి తూచినా సన్నోడికి కాస్త లాభమే.

అసలు గొడవ పడాల్సింది కనీస బరువు ఎంత పెట్టాలన్నదాని మీద. తక్కువ పెడితే డబ్బున్నోడు కార్బన్ బానెట్, ప్లాస్టిక్ అద్దాలు, తేలికపాటి వీల్స్ అని లక్షలు పోసి అక్కడిదాకా వెళ్తాడు, మిగతావాళ్లు ఆ అంకె దరిదాపుల్లోకి కూడా రాలేరు. ఎక్కువ పెడితే ఆ ఖర్చంతా వేస్ట్, ఎందుకంటే తీసిన బరువుకి సీసం మళ్లీ ఎక్కించాల్సిందే. బరువు తీయడం ఖరీదు, వేయడం చవక. అందుకే గ్రూపులో అందరికంటే లావుపాటి మనిషిని మామూలు కారులో, రోల్ కేజ్‌తో (కారు బోల్తాపడితే కాపాడే ఇనుప చట్రం) సహా కూర్చోబెట్టి తూచి, ఆ అంకెనే కనీసం అనాలన్నది నా మాట.

హార్స్‌పవర్‌కి ఇన్ని కేజీలు అని లెక్క పెడదాం అనేవాళ్లూ ఉన్నారు. నాసా అని అమెరికాలో ఇంకో సంస్థ ఉంది (రాకెట్ల నాసా కాదు), అది కొన్ని క్లాసులు అలాగే నడుపుతుంది. పేపర్ మీద బాగుంటుంది. కానీ 100 హార్స్‌పవర్ 800 కేజీల కారూ, 200 హార్స్‌పవర్ 1600 కేజీల కారూ ఒకటే అయిపోవు. పొడవాటి స్ట్రెయిట్‌లో అడ్డుపడేది గాలి, దానికి బరువుతో పనిలేదు, కాబట్టి 200 ఉన్నది తోసుకుపోతుంది. బ్రేకుల దగ్గర, టైర్ల అరుగుదలలో తేలికదే పైచేయి. పైగా ప్రతి కారునీ డైనో (ఇంజిన్ బలం కొలిచే మిషన్) ఎక్కించాలి, రేసు రోజుకి ఈసీయూ మ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని సెట్టింగ్) మార్చలేదని ఎవరు చూడొచ్చారు? చిన్న గ్రూపుకి ఇది తలనొప్పి.

గెలిచినోడికి తర్వాతి రేసులో బరువు పెంచే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. జపాన్ సూపర్ జీటీ రేసుల్లో ఉంది, బ్రిటిష్ టూరింగ్ కార్లలో ఉండేది, 2022లో తీసేసి బదులుగా హైబ్రిడ్ మోటార్ వాడకం మీద కోత పెట్టారు. మన బండలాగుడు పోటీల్లో పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు అని ఎద్దుల్ని వేరు చేస్తారు గానీ, పోయిన ఊళ్లో గెలిచిందని ఈ ఊళ్లో ఆ జతకి బండ బరువు పెంచరు. పెంచితే ఏమవుతుంది, తెలివైనోడు కావాలని మూడో స్థానంలో ఆగిపోతాడు.

తూకం ఎప్పుడంటే రేసు అయ్యాకే, డ్రైవర్ హెల్మెట్ తీయకముందే, ట్యాంకులో మిగిలిన పెట్రోల్‌తో సహా. లీటరు పెట్రోల్ ముప్పావు కేజీ తూగుతుంది, పది లీటర్లు మండితే ఏడు కేజీల పైనే పోయినట్టు, ఆ లెక్క ఎవరిది వాళ్లే చూసుకోవాలి. హైవే మీద లారీల వేబ్రిడ్జి మాత్రం దీనికి పనికిరాదు, అది 5 కేజీలకో 10 కేజీలకో ఒక మెట్టు చూపిస్తుంది, 3 కేజీల తేడాతో ఒకణ్ని రేసు నుంచి తీసేస్తే కొట్లాటే. నాలుగు చక్రాల కింద పెట్టే ప్యాడ్ కాటా ఒకటి అందరం చందా వేసుకుని కొందాం, ముందు దానికి ఎవరెంత ఇస్తారో చెప్పండి.