గట్టు మీది గాలమా, బోటు వేటా? సముద్రం లేని మన జిల్లాలవాళ్ళకు ఏది మేలు?

మా ప్రొద్దుటూరు పక్కన పారే పెన్నానే వెలికొండలు దాటి, నెల్లూరు మీదుగా పోయి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అందుకేనేమో, సముద్రం లేని ఊళ్ళో పుట్టినా గాలం పట్టుకుంటే నా మనసు అటే పోతుంది. చలికాలం వెళ్ళేసరికి మా మేనల్లుడు ఫోన్ చేస్తాడు. "మామా, ఈసారి బోటు మాట్లాడుకుందాం. ఒడ్డున నిలబడితే ఏం పడ్తాయి?" ఈ ప్రశ్న ఒక్క వాడిదే కాదు. కడప నుంచీ కర్నూలు నుంచీ అనంతపురం నుంచీ సరదాగా సముద్రం వేటకు పోయేవాళ్ళంతా ముందు తేల్చుకోవలసింది ఇదే. ఒడ్డు మీదనా, బోటు మీదనా?

చేప ఎక్కువ ఎక్కడ పడుతుందంటే బోటు మీదే. అందులో అనుమానం లేదు. కానీ నేను ఒడ్డు వైపే మొగ్గుతాను. దానికి కారణం వేటలో లేదు, వేట అయ్యాక ఇంటికి తెచ్చుకునే దారిలో ఉంది.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. కొన్నేళ్ళ కింద నేనూ మా బామ్మర్దీ నెల్లూరు తీరంలోని మైపాడు వైపు తెలిసినవాళ్ళ ఫైబర్ బోటులో పోయాం. కానాగంతలు గుంపుగా తగిలాయి. ఒక్కో తాడుకు మూడు నాలుగు గాలాలు కట్టి దించితే చాలు, వరసగా వచ్చేవి. సంతోషంలో వాటిని బోటు అడుగున అలాగే ఎండలో పడేశాం. ఒడ్డుకు వచ్చాక ఐస్ కొన్నాం గానీ, చేపకు సగం కూడా లేదు. కారు డిక్కీలో పెట్టుకుని ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరు మీదుగా ఇంటికి చేరేసరికి రాత్రయింది. చేప కంపు కొట్టలేదు, కన్ను తేలేయలేదు. చింతపండు పులుసు చక్కగా కుదిరింది. మా అక్క రెండు ముక్కలు తిని, "ఏందిరా, నాలుక మీద మిరియం నమిలినట్టుంది" అంది. అరగంట తిరక్కుండానే ఆమె ముఖం, మెడ ఎర్రగా కందిపోయాయి. తలనొప్పి, గుండె దడ. ఆ రాత్రి టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తే. డాక్టరు ఎలర్జీకి ఇచ్చే మందు ఇచ్చాక తెల్లారేసరికి తగ్గింది.

అది ఎలర్జీ కాదు, చేపలో పుట్టిన హిస్టమిన్ అని తర్వాత తెలుసుకున్నాను. కానాగంతలు, కవ్వళ్ళు, సూర, వంజరం లాంటి చేపల మాంసంలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప చచ్చాక వేడిలో ఉంటే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. ఒకసారి పుట్టిందంటే ఎంత మరగబెట్టినా, ఎర్రగా వేయించినా, ఫ్రీజర్లో పెట్టినా పోదు. వాసన చూసి కనిపెట్టడం కూడా కష్టమే. పట్టిన ఘడియ నుంచే చల్లగా, నాలుగు డిగ్రీల లోపు ఉంచడం ఒక్కటే దారి.

ఇప్పుడు రెండు వేటలూ పక్కపక్కన పెట్టి చూడండి. బోటు మీద మనకు పడేవి చాలావరకు ఈ ప్రమాదం ఉన్న జాతులే. పైగా నీడ ఉండదు, ఐస్ పెట్టెకు చోటు తక్కువ, ఒడ్డుకు ఎప్పుడు తిరిగి వస్తామన్నది మన చేతిలో ఉండదు. పెన్నా మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసేచోట, ఒడ్డు నుంచి గాలం వేస్తే తగిలేవి పండుగప్ప, కొయ్యంగ, గొరక, జెల్ల. వీటిలో హిస్టమిన్ భయం బాగా తక్కువ. చేప పడిన నిమిషంలోనే వెనక్కి నాలుగడుగులు వేసి ఐస్‌లో పెట్టొచ్చు. ఇక చాలు అనుకుంటే ఆ క్షణమే బయల్దేరొచ్చు. నాలుగు గంటల దారి ఉన్న ప్రొద్దుటూరు వాడికే ఇది ఇంత ముఖ్యమైతే, ఇంకా దూరం పోవలసిన కర్నూలు, అనంతపురం వాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు.

కాలం లెక్క చూసినా ఒడ్డుకే సులువు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, ఇంజిన్ బోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ ఏర్పాటు. మన పిల్లలకు సెలవులూ అప్పుడే. ఆ రోజుల్లో ఎవరైనా డబ్బు తీసుకుని వేటకు తీసుకుపోతామంటే ఒప్పుకోవద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫాన్లు. బోటుకు మిగిలేది ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకానే. అప్పుడైనా వాతావరణ శాఖ మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరిక, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సమాచారం చూడకుండా ఎక్కకూడదు.

తుంగభద్రలోనో శ్రీశైలం వెనక నీళ్ళలోనో పుట్టి (బుట్టలాంటి గుండ్రటి పడవ) ఎక్కి తిరిగిన కర్నూలు మిత్రులు, "మాకు నీళ్ళంటే భయమేంది" అంటారు. పుట్టికి నిలకడ నీళ్ళు చాలు. సముద్రంలో అసలు గండం ఒడ్డు దగ్గరే, అలలు విరిగే చోట. బోటు ముక్కు అలకు ఎదురుగా లేకుండా కాస్త పక్కకు తిరిగితే బోల్తా పడుతుంది. ఈత వచ్చినా సరే, ఒడ్డు వదిలే ముందే లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకోవాలి, కాళ్ళ కింద పడేసుకుంటే లాభం లేదు. వాంతుల బాధ ఉన్నవాళ్ళు గంట ముందే మాత్ర వేసుకుని, పొద్దున రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుంటే మంచిది.

ఒడ్డున కూడా జాగ్రత్త కావాలి. మొగ దగ్గర ఇసుక మేటలు ఏ వారానికి ఆ వారం మారతాయి. పాటు సమయంలో, అంటే నీటిమట్టం తగ్గేటప్పుడు, నీళ్ళు సముద్రంలోకి గట్టిగా లాగుతాయి. మోకాలి లోతు దాటి దిగొద్దు. అమావాస్య, పౌర్ణమి చుట్టుపక్కల రోజుల్లో ఆటుపోట్లు పెద్దవిగా ఉంటాయి. చేప మేత మీదకు వస్తుంది కానీ లాగుడూ పెరుగుతుంది. జెల్ల పడితే వట్టి చేత్తో పట్టుకోవద్దు, దాని వీపు మీదా పక్కలా ఉండే ముల్లులో విషం ఉంటుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో అరగంటకు తక్కువ కాకుండా చెయ్యి ముంచి ఉంచి, ఆ తర్వాత ఆస్పత్రికి పోవాలి. గాలి పీల్చి బంతిలా ఉబ్బే చేప పడితే గాలం తప్పించి వదిలేయండి. దాని విషం వండితే పోదు, ప్రాణం తీస్తుంది.

ఐస్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కిలో చేపకు కనీసం కిలో ఐస్. ఎండలు ముదిరితే రెండు కిలోలు. నెల్లూరులోనే ఐస్ నింపుకుని పోతాను. బకెట్లో పొడిగా కొట్టిన ఐసూ కొద్దిగా సముద్రపు నీళ్ళూ కలిపి పెట్టుకుంటే, పడిన చేప అందులో త్వరగా చల్లబడుతుంది. వట్టి ఐస్ గడ్డ మీద పెడితే తాకిన చోటే చల్లబడుతుంది. చేప పడగానే మొప్పల దగ్గర కోసి నెత్తురు పోనిస్తాను. బయల్దేరే ముందు కడుపు చీల్చి పేగులు తీసి, ఆ ఖాళీలో గుప్పెడు ఐస్ కూరి, పెట్టెలో ఒక వరస ఐస్, ఒక వరస చేప పేరుస్తాను. పెట్టె కింది బిరడా కొద్దిగా వదులు చేస్తే కరిగిన నీళ్ళు కారిపోతాయి. చేప ఆ నెత్తుటి నీళ్ళలో నానకూడదు. బద్వేలులో టీకి ఆగినప్పుడు మూత తీసి చూస్తాను. ఐస్ తగ్గితే అక్కడే మళ్ళీ నింపుతాను.

అయితే బోటు ఎప్పుడూ వద్దా అంటే, అలా కాదు. అక్కడే వండుకుని తినేట్టయితే బోటు మేలు. పట్టగానే ఐస్‌లో వేసి, ఒడ్డుకు వచ్చిన గంటలో ఉప్పూకారం పట్టించి పెనం మీద కాల్చిన కానాగంత రుచి నాలుగు గంటలు ప్రయాణం చేసిన ఏ చేపకూ రాదు. వంజరం పెద్దది దొరికిందని గర్భిణులకూ చిన్న పిల్లలకూ ఎక్కువ పెట్టడం మాత్రం మంచిది కాదు. పెద్ద చేపలు చిన్నవాటిని తిని తిని పాదరసం ఒంట్లో పోగేసుకుంటాయి. సొర కూడా అంతే. వాళ్ళకు చిన్న చేపలే పెట్టండి.

మూడో దారి కూడా ఒకటుంది. వారం వారం ఇంట్లోకి చేప కావాలంటే సముద్రమే ఎందుకు? మైలవరం, గండికోట, బ్రహ్మంసాగర్ రిజర్వాయర్లు మనకు దగ్గర. ఫిషరీస్ వాళ్ళనూ అక్కడి మత్స్యకార సంఘాన్నీ అడిగి, అనుమతి ఉన్నచోట గాలం వేస్తే బొచ్చె, రోహు గంటలో ఇంటికి వస్తాయి. తాజాదనంలో నెల్లూరు నుంచి తెచ్చిన చేపను మించుతాయి. మామూలు రోజులకు నేను తినేది అదే.

మొన్న ఫిబ్రవరిలో మేనల్లుడి కోరిక కాదనలేక రెండూ కలిపి చేశాం. తెల్లవారుజామున రెండు గంటలు బోటు, మిగతా పగలంతా ఒడ్డు. కానాగంతలు అక్కడే కాల్చుకుని తినేశాం, ఒక్కటి కూడా మిగల్చలేదు. మధ్యాహ్నం పోటు ఎక్కుతుండగా వాడి గాలానికి రెండున్నర కిలోల పండుగప్ప తగిలింది. బద్వేలులో మూత తీసి చూస్తే తోక కర్రలా బిగుసుకుని ఉంది, ఐస్ సగానికి పైగా మిగిలే ఉంది. ఆ రాత్రి పులుసు మొదటి ముక్క మా అక్కకే వడ్డించాను.