సీహెచ్ఎస్ అడ్రసా, ఎల్‌బీఏనా?

హార్డ్ డిస్కులో ఒక సెక్టార్ (డేటా దాచే చిన్న ముక్క) ఎక్కడుందో చెప్పడానికి రెండు పద్ధతులు. పాతది సీహెచ్ఎస్: ఏ సిలిండర్ (పళ్లేలన్నిటి మీదా ఒకే దూరంలో ఉన్న వలయాల వరస), ఏ హెడ్ (పళ్లెం మీద చదివి రాసే ముక్కు), ఏ సెక్టార్ అని మూడు అంకెలు. వీధి, అంతస్తు, గది నంబరు చెప్పినట్టన్నమాట. ఎల్‌బీఏలో (లాజికల్ బ్లాక్ అడ్రసింగ్) ఆ గొడవే లేదు, సున్నా నుంచి వరసగా ఒకటే నంబరు.

చదవడానికి సీహెచ్ఎస్ బావుంటుంది, పళ్లేలు, వాటి మీద కదిలే హెడ్లు కళ్లకు కడతాయి. కానీ ప్రతి ట్రాకులోనూ (పళ్లెం మీది ఒక్కో వలయం) సెక్టార్లు సమానమని అది నమ్ముతుంది, నిజానికి బయటి ట్రాకు చుట్టుకొలత ఎక్కువ కాబట్టి అక్కడ ఎక్కువ సెక్టార్లు పట్టించడం మొదలయ్యాక ఆ లెక్క ఉత్త నాటకమైపోయింది, డ్రైవు తన అసలు ఆకారం దాచేసి బయోస్‌కి (కంప్యూటర్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాం) ఏవో అంకెలు అప్పజెప్పేది. పళ్లేలు రెండే ఉన్నా 16 హెడ్లని చెప్పేది! పైగా సిలిండర్, హెడ్ సున్నా నుంచి, సెక్టార్ మాత్రం 1 నుంచి లెక్క, ఇదెవరి బుర్రలో పుట్టిందో గానీ.

అసలు దెబ్బ పరిమితులది. బయోస్ 1024 సిలిండర్లకు మించి ఒప్పుకోదు, ఏటీఏ (డ్రైవును కంప్యూటర్‌కి కలిపే ప్రమాణం) 16 హెడ్లకు మించి ఇవ్వదు, ట్రాకుకి సెక్టార్లు 63. ఒక్కోటి 512 బైట్లు, గుణిస్తే దాదాపు 528 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. హెడ్ల లెక్క మార్చి 8.4 జీబీ దాకా లాగారు, అంతే.

ఎల్‌బీఏకీ మొదట్లో హద్దుండేది, నంబరుకి 28 బిట్లతో 137 జీబీ. అది 48 బిట్లకు పెరిగాక ఆ టెన్షన్ పోయింది.

పాత డ్రైవు బాగుచేస్తుంటే తప్ప నేనైతే సీహెచ్ఎస్ జోలికి పోను.