అన్‌రెయిడ్ సర్వర్‌లో క్యాష్ డ్రైవ్: పెట్టాలా, వద్దా?

ఇంట్లో అన్‌రెయిడ్ (చాలా డిస్కులను కలిపి ఫైళ్లు దాచే సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్ పెట్టుకున్నవారు మొదట తేల్చుకోవలసింది ఇదే: ఫైళ్లు నేరుగా పారిటీ (ఒక డిస్కు చెడినా దాని డేటాను తిరిగి లెక్కగట్టే అదనపు సమాచారం) ఉన్న హార్డ్ డిస్కులకు రాయాలా, ముందు ఎస్‌ఎస్‌డీ క్యాష్‌లో (వేగమైన తాత్కాలిక డ్రైవ్‌లో) దించాలా?

వేగం
నేరుగా: ప్రతి రాతకూ నాలుగు పనులు. పాత డేటా, పాత పారిటీ చదవాలి. ఆపై కొత్తవి రెండూ రాయాలి. గిగాబిట్ నెట్‌వర్క్ సెకనుకు 110 ఎంబీ మోయగలిగినా, కాపీ తరచూ అందులో సగం దగ్గరే ఆగిపోతుంది.
క్యాష్‌తో: నెట్‌వర్క్ ఎంత ఇస్తే అంత. అయితే ఇది రాయడానికే. మూవర్ (క్యాష్‌లోని ఫైళ్లను డిస్కులకు తరలించే ప్రోగ్రామ్) డిస్కులకు తరలించిన సినిమా మళ్లీ డిస్కు వేగంతోనే చదవబడుతుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు.

ప్రమాదం
నేరుగా: రాసిన క్షణం నుంచే పారిటీ రక్షణ.
క్యాష్‌తో: మూవర్ నడిచేదాకా ఆ రక్షణ లేదు. సెట్టింగ్ మార్చకపోతే అది నడిచేది తెల్లవారుజామున 3:40కి. ఈలోగా ఉన్న ఒక్క ఎస్‌ఎస్‌డీ చెడిపోతే ఆ రోజు దించిన పెళ్లి ఫోటోలు పోయినట్టే. కాబట్టి రెండు ఎస్‌ఎస్‌డీలు మిర్రర్‌లో (రెండింటిలోనూ ఒకే డేటా ఉండేలా) పెట్టండి, లేదా మర్నాటిదాకా కెమెరా కార్డు చెరపకండి.

ఖర్చు
నేరుగా: ఏమీ లేదు.
క్యాష్‌తో: ఒకటి, మేలైతే రెండు ఎస్‌ఎస్‌డీలు.

పాత డిస్కుల నుంచి టెరాబైట్లు ఒకేసారి తెస్తుంటే క్యాష్ ఆపేయండి. అది నిండిపోయి కాపీ మధ్యలో తెగవచ్చు. అప్పుడు టర్బో రైట్ (డిస్కులన్నింటినీ ఒకేసారి చదివి పారిటీ లెక్కించే సెట్టింగ్) చాలు, డిస్కులన్నీ తిరుగుతాయి గానీ వేగం పెరుగుతుంది. రోజూ వీడియోలు దించేవారికి, డాకర్ (సర్వర్‌లోనే యాప్‌లు నడిపే పద్ధతి) నడిపేవారికి క్యాష్ తప్పనిసరి. వారానికోసారి బ్యాకప్ తీసే ఇంటికి అక్కర్లేదు.