గడ్డిచేపకు ఏ ఎర: లేత గడ్డా, మొక్కజొన్నా?

గడ్డిచేప (గ్రాస్ కార్ప్) మన దేశానికి 1959లో వచ్చింది. హైడ్రిల్లా లాంటి నీటి మొక్కలే దీని ముఖ్యమైన తిండి. అందుకే చెరువులో నా ఓటు లేత గడ్డికే. నాలుగు పరకలు గాలానికి చుట్టి, బరువు కోసం కట్టే సీసం లేకుండా, గట్టు మీది గడ్డి నీళ్లలోకి వంగిన చోట తేలేలా వదలాలి. చిన్న చేపలు దాన్ని పెద్దగా ముట్టవు, అదే గొప్ప లాభం. కాకపోతే అడుగుల చప్పుడుకే గడ్డిచేప బెదిరిపోతుంది, కదలకుండా కూర్చునే ఓపిక కావాలి. (చెరువు సంఘాన్ని ముందే అడగండి, అవి వాళ్లు పెంచే చేపలు.)

నదిలో గడ్డి ప్రవాహానికి కొట్టుకుపోతుంది. అక్కడ ఉడికించిన మొక్కజొన్న గింజలే నయం. కొన్ని ముందే చల్లి, సీసం కట్టి అడుగున నిలపాలి. శీలావతి, బంగారుతీగ కూడా తగులుతాయి.

ఏ ఎరకు పడినా, ఒడ్డు దగ్గర లొంగిపోయిందనుకున్నప్పుడే గట్టిగా విదిలిస్తుంది. దారం బిగించి లాగకండి.