జీలకర్ర వెంట మూడు ఊళ్లు

ఒకే గింజ ఏ వంటలో ఎప్పుడు పడుతుందో దగ్గరుండి చూడాలన్న కోరికతో నెదర్లాండ్స్‌లోని లైడెన్, మొరాకోలోని మరాకేష్, ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌కంద్ చూసి వచ్చాను. లైడెన్‌లో బస అవసరం లేదు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైలులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. వెన్న తీసిన పాలతో చేసే అక్కడి గట్టి చీజ్‌లో జీలకర్రను పొడి చేయకుండా గింజలుగానే కలుపుతారు కనుక, పంటి కింద నలిగినప్పుడే దాని వాసన తెలుస్తుంది.

మరాకేష్‌లో పాత నగరం లోపల, నడిమి వాకిలి చుట్టూ గదులున్న రియాద్‌లో దిగాను. కారు గుమ్మం దాకా రాదు, సన్నటి సందుల్లో సామాను మోసుకుంటూ నడవాలి. అయినా కొత్త నగరంలోని హోటళ్లకంటే ఇదే మేలు, ఎందుకంటే తంజియా అనే మాంసం వంటకాన్ని వండే తీరును నడిచి వెళ్లి చూడవచ్చు. మట్టి కూజాలో మాంసం, వెల్లుల్లి, ఉప్పులో ఊరిన నిమ్మకాయ, కుంకుమపువ్వు, దండిగా జీలకర్ర పొడి వేసి, మూతికి కాగితం కట్టి, హమ్మామ్‌కు (ఊరందరి స్నానశాలకు) నీళ్లు కాచే పొయ్యి బూడిదలో గంటల తరబడి మగ్గనిస్తారు. ఆ కాగితం విప్పగానే మాంసం కంటే ముందు జీలకర్రే పలకరిస్తుంది. మెషుయిలో మాత్రం పద్ధతి వేరు: కాల్చిన గొర్రె మాంసాన్ని ముక్కలు చేసి, పక్కన ఉప్పు, జీలకర్ర పొడి పెడతారు, అద్దుకుని తినడమే. బసవాళ్లు ఏర్పాటు చేసిన వంట పాఠం మాత్రం నిరాశపరిచింది. మసాలాలన్నీ ముందే కొలిచి పెట్టడంతో మాకు కలపడమే మిగిలింది.

తాష్కెంట్ నుంచి సమర్‌కంద్‌కు అఫ్రోసియోబ్ రైలు రెండు గంటల పైచిలుకులో చేరుస్తుంది. టికెట్లు త్వరగా అయిపోతాయి కనుక ముందే కొనుక్కోవాలి. నేనున్న కుటుంబ అతిథిగృహంలో గది చిన్నదే కానీ, పెరట్లో పలోవ్ (అక్కడి మాంసం పులావు) వండే పెద్ద పాత్ర కజాన్ పొయ్యి ఎక్కిన రోజున పక్కన నిలబడనిచ్చారు. ఇంటావిడ జిరాను, అంటే అక్కడి జీలకర్రను, అరచేతుల మధ్య నలిపి, క్యారెట్లూ మాంసమూ ఉడుకుతున్న జిర్వాక్ అనే అడుగు కూరలో కొంత, పైన పరిచిన బియ్యం మీద కొంత రాల్చారు. పలోవ్ అక్కడ మధ్యాహ్నపు భోజనం. ఆలస్యంగా వెళ్తే కజాన్ ఖాళీ అయిపోతుంది. బీబీ ఖానుమ్ మసీదు పక్కనున్న సియోబ్ బజారులో, నలిపి వాసన చూశాకే, ఆ సన్నని నల్లటి గింజలు కొన్నాను. పొడి తీసుకోలేదు, దానిలో ఆ ఘాటు నిలవదు.