చేతుల్లేని కోటు, మూడు చలికాలాలు వాడాక

2022 సెప్టెంబరు ఆఖర్లో బతుకమ్మకి చీర కొనుక్కుందామని మా వదినతో పోచంపల్లి వెళ్ళాను. చీర కొనలేదు. రెండున్నర మీటర్ల ఐకత్ నూలు గుడ్డతో తిరిగొచ్చాను. దాంతో కుట్టించిన చేతుల్లేని పొడుగు కోటు గురించే ఈ సమీక్ష. మోకాళ్ళ దాకా వస్తుంది, ముందు గుండీలు లేవు, రెండు పక్కలా లోతు జేబులున్నాయి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వారానికి రెండుసార్లు చొప్పున మూడు చలికాలాలు వేసుకున్నాను కాబట్టి కొత్త బట్ట మోజులో రాస్తున్నానని అనుకోకండి.

అసలెందుకు కుట్టించాల్సి వచ్చిందో చెప్పాలి. మన హైదరాబాదులో శరదృతువు పంచాంగంలోనే ఉంటుంది. ఆశ్వయుజం వచ్చినా వానలు పోవు, 2020 అక్టోబరు వరదలు ఈ ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు. కార్తీకంలో తెల్లవారుజామున ఒళ్ళు జలదరిస్తుంది, అదే రోజు మధ్యాహ్నం ఫ్యాను వేసుకోవాలి. ఇది అందరికీ ఉన్నదే. నలభై అయిదు దాటాక నాకు ఒంట్లో కూడా ఒక వాతావరణం మొదలైంది.

పొద్దున్న తార్నాకలో మెట్రో ఎక్కేటప్పుడు చలి. హైటెక్ సిటీలో దిగి నడిస్తే ఎండ. ఆఫీసులో ఏసీ 22 మీద ఉంటుంది, రిమోట్ ఎవరి దగ్గరుంటుందో ఇప్పటికీ కనిపెట్టలేకపోయాను. పదకొండింటికి మీటింగులో కూర్చుని ఉండగా గుండెల దగ్గర మొదలై మెడ, చెవులు, మాడు దాకా ఒక్కసారిగా సెగ. అయిదు నిమిషాల్లో తగ్గిపోతుంది, కానీ ఆ తర్వాత తడిసిన వీపుకి ఏసీ గాలి తగిలి వణుకు. నెలసరి ఆగిపోయే వయసులో ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గేకొద్దీ, మెదడులో ఒంటి వేడిని చూసుకునే హైపోథాలమస్ మరీ సున్నితంగా తయారవుతుందని, మామూలుగా లెక్కచేయని చిన్న తేడాకే చెమట పట్టిస్తుందని డాక్టరమ్మ చెప్పింది. మందుల సంగతి ఆవిడ చూసుకుంది. బట్టలు నా తంటా.

ముందు స్వెట్టరు కొన్నాను. ఉన్ని అనుకున్నాను గానీ ఇంటికొచ్చి లేబుల్ చూస్తే వంద శాతం ఆక్రిలిక్. వేసుకుంటే ఉడికిపోవడం, తీస్తే వణకడం, పైగా తీసిన ప్రతిసారీ జుట్టంతా పైకి లేచేది. తర్వాత, మెత్తగా జారుతూ ఉంటుందని మూడు రేయాన్ కుర్తీలు తీసుకున్నాను. విస్కోస్ అన్నా అదే. చెమట బాగానే పీల్చుకుంటుంది, ఆ మాటకొస్తే నూలు కన్నా ఎక్కువే. కానీ తడిస్తే ఆ దారంలో బలం ఉండదు. నాలుగు ఉతుకులకి ఒకటి పొట్టిదైపోయింది, ఇంకోటి మెడ దగ్గర సాగి భుజం మీద నిలవడం మానేసింది. మూడోది ఇప్పుడు మా వంటింట్లో ఉంది, గట్టు తుడిచే గుడ్డగా.

పాలిస్టర్ జోలికి పోలేదు. నూలు తన బరువులో ఎనిమిది శాతం దాకా తేమని దాచుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. ఆ చెమటంతా మన ఒంటి మీదే ఉండిపోతుంది.

పోచంపల్లిలో మేం వెళ్ళిన ఇంట్లో ముందుగది నిండా మగ్గమే. పక్కన చట్రానికి చుట్టిన నూలు, దాని మీద వరసగా సన్నటి రబ్బరు ముక్కల కట్లు. కట్టిన చోట రంగు ఎక్కదు, విప్పితే తెల్లగా మిగులుతుంది, ఆ తెలుపే నేతలో పువ్వవుతుంది. దీన్ని చిటికి కట్టడం అంటారు. అంటే ఐకత్ డిజైను గుడ్డ మీద కాదు, నేయకముందే దారంలో ఉంటుంది. ఆ ఇంటావిడ గుడ్డని తిరగేసి చూపించింది. ముందెలా ఉందో వెనకా అలాగే ఉంది. పువ్వు అంచులు ఎక్కడా గీత గీసినట్టు లేవు, తడి కాగితం మీద పెట్టిన సిరా చుక్కలా కాస్త పక్కకి పాకాయి. నేను తీసుకున్నది ముదురు మెరూన్ మీద తెల్ల చిటికి, మీటరు 320.

అంతకు ముందు ఏడాది సిటీలో ఒక దుకాణంలో ఐకత్ అని చెప్పి అచ్చు గుడ్డ అంటగట్టారు. దాని వెనక వైపు వెలిసిపోయినట్టు ఉండేది. అప్పుడు నాకు తిరగేసి చూడాలని తెలియదు.

మా వీధి దర్జీ అన్నతో గంటసేపు వాదించాను. లైనింగ్ వెయ్యాలన్నాడు. వద్దన్నాను, గాలి ఆడదు కదా. "చేమగ్గం బట్ట అక్కా, కుట్లకాడ దారాలు లేస్తయి, నా మాటిను" అన్నాడు. చివరికి భుజాలకి, వీపు పైభాగానికి మాత్రం లోపల మల్ మల్ వేసి, కుట్లన్నిటికీ దారాలు లేవకుండా ఓవర్‌లాక్ కొట్టి, చంక చుట్టూ పైపింగ్ ఇచ్చాడు. నూటికి నూరుపాళ్ళు అతనే కరెక్టు. అతను ఓవర్‌లాక్ కొట్టడం మర్చిపోయిన ఒకే ఒక్క చోటు ఎడమ జేబు లోపల. సరిగ్గా అక్కడే రెండో ఏడాది పిగిలింది. ఇంకో మాట కూడా చెప్పాడు. "పక్కలకి రెండించులు లోపల వదులుత అక్కా, రేపు పనికొస్తది." నాకు కాస్త రోషం వచ్చింది గానీ ఊరుకున్నాను. ఎందుకంటే అప్పటికే నా పెట్టెలో ముప్ఫై బ్లౌజులు విప్పుకోవడానికి లోపల దారం మందం గుడ్డ కూడా లేక మూలన పడి ఉన్నాయి.

గుడ్డకి 800, కుట్టుకి 650, మల్ మల్‌కి 150, మొత్తం 1,600 అయింది. నూట ఇరవై సార్లు వేసుకున్నానంటే ఒక్కోసారికి పదమూడు రూపాయలు. ఆ స్వెట్టరు 1,400, ఆరు సార్లు.

ఇక పనితనం. వేడి పుట్టిన క్షణంలో ఇది తీయడం చాలా సులువు. తల మీంచి లాగక్కర్లేదు, గుండీలు వెతుక్కోనక్కర్లేదు, చేతులు వెనక్కి పెడితే జారి కుర్చీకి తగులుకుంటుంది. పక్కవాళ్ళు గమనించను కూడా గమనించరు. మళ్ళీ చలి వేస్తే అంతే సులువుగా ఎక్కుతుంది. చేతులు లేవు కాబట్టి చంకల్లో గాలి ఆడుతుంది, వీపుకి, పొట్టకి మాత్రం ఒక పొర. నాకు చలి వేసేది వీపుకే. మధ్యాహ్నం అన్నానికి బయటికెళ్తే మడిచి బ్యాగులో పెట్టేస్తాను, తీసేసరికి నలిగి ఉంటుంది. ఇస్త్రీ లేకుండా బట్ట నిటారుగా ఉండాలనుకునేవాళ్ళకి ఇది పనికిరాదు, ముందే చెప్తున్నాను.

రంగు పోతుంది. మొదటిసారి ఉప్పు నీళ్ళలో నానబెట్టమని మా అత్తయ్య చెప్పింది, పెట్టాను, అయినా పోయింది. మొదటి నెలలో లోపల వేసుకున్న తెల్ల కుర్తీ మెడంతా గులాబీ రంగు. నాలుగైదు ఉతుకుల దాకా విడిగా, చన్నీళ్ళలో ఉతకండి, లోపల ముదురు రంగులే వేసుకోండి. మెషీన్లో ఒక్కసారి వేశాను, పైపింగ్ ముడుచుకుంది, ఆ తర్వాత వెయ్యలేదు. ఆరేసేటప్పుడు తిరగేసి నీడన వెయ్యాలని తెలిసీ బద్ధకించి టెర్రస్ మీద ఎండలో వేశాను. అందుకే భుజాలు వెలిశాయి. అది గుడ్డ తప్పు కాదు.

లోపలికి ఏం వేసుకోవాలన్నది సగం సంగతి. నాకు కుదిరింది మంగళగిరి నూలు కుర్తీలు. నిజాం అంచువి నాలుగు, త్రీ ఫోర్త్ చేతులతో. మొదటి రెండు ఉతుకుల దాకా గంజి పెట్టినట్టు బిర్రుగా ఉండి, "ఇదెందుకు కొన్నానురా" అనిపిస్తుంది. మూడో నెలకి మెత్తబడి ఇక ఒంటి మీంచి దిగదు. రంగు విషయంలో ఆఫీసులో ఒకావిడ "ఈ వయసులో లేత రంగులే హుందాగా ఉంటాయి" అని సలహా ఇచ్చింది. హుందాతనం ఏమోగాని, లేత నీలం, బూడిద రంగుల మీద చెమట మరక మ్యాపు గీసినట్టు కనపడుతుంది. నేవీ బ్లూ, మెరూన్, నలుపు, ఆ కొసన పూర్తి తెలుపు, ఇవే నా రంగులు.

చీర రోజుల్లో ఈ కోటు పనికిరాదు. వేసి చూశాను, పవిట, కోటు కొట్టుకున్నాయి. చీరకి తోడు మన నాంపల్లి ఎగ్జిబిషన్, అదే నుమాయిష్‌లో కొన్న పలచటి ఉన్ని స్టోల్. నుమాయిష్ జనవరి ఒకటిన మొదలవుతుంది, అప్పటికి మన చలి సగం అయిపోతుంది, కానీ కశ్మీరీ స్టాళ్ళలో ఫిబ్రవరి మొదటివారానికి బేరం బాగా తెగుతుంది. కొని వచ్చే కార్తీకానికి దాచుకోవడమే. నాఫ్తలీన్ ఉండలు వద్దు, ఆ వాసన నవంబరు దాకా వదలదు. పత్తి గుడ్డలో ఎండు వేపాకు చుట్టి పెడతాను. చీరల్లో నారాయణపేట నూలువి రోజువారీకి హాయి. పండక్కి గద్వాల, ఒళ్ళంతా నూలు, అంచు, కొంగు మాత్రం పట్టు కాబట్టి పూజలో కూర్చున్నా ఉక్క పొయ్యదు. కానీ బరువు.

చెప్పుల జోలికి వెళ్ళను, అది వేరే రామాయణం.

మొన్న సెప్టెంబరులో నాలుగో చలికాలానికని కోటు బయటికి తీసి వేసుకుంటే పొట్ట దగ్గర పట్టేసింది. దర్జీ అన్న దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన ఏమీ అనకుండా పక్క కుట్లు బ్లేడుతో విప్పి, లోపల దాచిన రెండించులు బయటికి లాగి టేబుల్ మీద పరిచాడు. అప్పుడు చూశాను, కొన్న రోజు ఎంత మెరూనో. కోటంతా ఇటుక రంగుకి తిరిగింది, ఆ రెండు పట్టీలు మాత్రం నిన్న మగ్గం మీంచి దింపినట్టున్నాయి. ఇద్దరం కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాం.

"గీతలు కనపడతాయి కదన్నా" అన్నాను.

"నాలుగు ఉతుకులు పడనీ అక్కా, కలిసిపోతది" అని మిషను మీద కూర్చున్నాడు. ఈసారి ఎడమ జేబుకి ఓవర్‌లాక్ కొట్టమని గుర్తుచేశాను.